తుమ్ము ఉన్న డప్పు

రాతిపేట దరువుల గది. రాసేది బక్కయ్య.

ఆషాఢం, బుధవారం

సందర్భం: నీళ్ల పైపుల ఓదెలు కూతురి పెళ్లి. ఎదుర్కోలు.
వేసిన కిట్: రామడోలు, రెండు తాషాలు, లసుమయ్య డప్పు.

ఏ రోజు ఏ కిట్ వేశానో, అంటే ఏ వాద్యాల రికార్డులు కలిపి వినిపించానో, ఎందుకు వేశానో రాసి పెట్టాలని ఈ గదికి నియమం. మాట్లాడమంటే నాకు చేతకాదు. రాయడం కొంచెం నయం. పైన బడి ఉన్నప్పుడు ఏడో తరగతి దాకా చదివాను.

పెళ్లి బాగా జరిగింది. చప్పుడు లేదు. ఇక్కడ ఏ పెళ్లికీ ఉండదు. ఎండకు తాళలేక గుట్ట కింది సొరంగంలోకి దిగిన కొత్తలో ఒకసారి డోలు కొట్టారు. నెత్తి మీది బండ పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆనాటి నుంచి డోలు లేదు, మైకు లేదు. అందరికీ చెవి వెనక ఒక బిళ్ళ. ఈ గదిలో నేను వేసిన దరువు ఎముక గుండా ఊరంతటికీ వినబడుతుంది. కొత్తవాళ్లు చూస్తే, ఇంతమంది చడీచప్పుడు లేకుండా ఎందుకు ఎగురుతున్నారా అని భయపడతారు.

ఎదుర్కోలుకు రామడోలు వేశాను, అడుగు బరువుగా పడాలని. పైన తాషాలు చిటపటలాడాలి. తాషా దెబ్బ ఒక్కటే ఉంటే చాలదు. అదే దెబ్బ వెంటవెంటనే పడితే చెవికి తెలిసిపోతుంది, రేకు మీద వాన పడ్డట్టు ఉంటుంది. మెల్లగా కొట్టినవి, గట్టిగా కొట్టినవి, కొంచెం పక్కకు తగిలినవి, కలిపి వేయాలి. మనిషి చెయ్యి అట్లాగే పడుతుంది కదా.

మధ్యలో లసుమయ్య డప్పు. మేం పైన ఉన్న చివరి ఎండాకాలం సొరంగం నోటి దగ్గర రికార్డు చేసింది అది. లసుమయ్య కొట్టాడు. చర్మం బిగుసుకోవాలి కదా, నేను గడ్డి మంట పెట్టి కాచి ఇచ్చాను. వాడు దరువు ఎత్తుకున్నాక కూడా మంట పక్కనే కూర్చున్నాను. పొగ ముక్కులోకి పోయి తుమ్మాను. మళ్లీ కొట్టే వ్యవధి లేకపోయింది. ఆ తుమ్ము దరువులో ఉండిపోయింది.

బయలుదేరేటప్పుడు తుమ్మితే ఆగిపోయే జనం మేము. కానీ ఈ తుమ్ము ఎవరు ఆపగలరు? అందుకని అది వచ్చినప్పుడల్లా ఊరంతా "చిరంజీవ" అనడం మొదలుపెట్టింది. మొదట నవ్వులాట. తర్వాత ఆచారం. గడ్డి మంట ఎట్లా ఉంటుందో తెలియని పిల్లలు కూడా అంటారు.

ఈ రోజు కూడా అన్నారు. కానీ ఆలస్యంగా. ఈ గది కిటికీ వాడకట్టులోకే ఉంటుంది. నేను చూస్తూనే ఉన్నాను. ముందు లసుమయ్య పెండ్లాం సత్తెమ్మ అన్నది. మిగిలినవాళ్లు ఆమె నోరు చూసి అన్నారు.

వినబడేవాడికి పక్కవాళ్ల నోరు చూసే పనేంటి?

ఆషాఢం, శుక్రవారం

సందర్భం: సొరంగం తవ్వేవాళ్ల పొద్దుటి పాళి.
వేసిన కిట్: చెక్క దెబ్బలు, గుమ్మెట. కింది మోత లేదు.

తవ్వేవాళ్లకు లోతైన మోత పెట్టను. ఎముకలో జివ్వుమని నిద్ర వస్తుంది. పొడి దెబ్బలే మంచివి. గుమ్మెట నోరు మూసి తెరిచినప్పుడు వచ్చే ఊగు ఒక్కటి కలిపితే చెయ్యి ఆడుతుంది.

ఇద్దరు గడ్డపారలు ఒకే వేగంతో వేశారు. మూడోవాడిది వేరే వేగం. వాడు కొత్తవాడు అనుకుందామంటే కాదు.

పని పాళి ముగిశాక లసుమయ్యను చూడ్డానికి పోయాను. కుడి చెయ్యి పడిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఊపిరి కూడా సరిగా ఆడడం లేదు. సత్తెమ్మ వీపు నిమురుతోంది.

"అరేయ్ బక్కా, నీతోని ఒక మాట," అన్నాడు లసుమయ్య.

"చెప్పు బావా."

"నన్ను పైకి మోసుకపోయేటప్పుడు నా చెయ్యి వినబడాలె. ఊరందరికి. ఇంకేది కలపకు. డోలు వద్దు, గీలు వద్దు. నా డప్పొక్కటే."

"తుమ్ము తీసెయ్యమంటవా? సావుకు బాగుండదేమో."

"నీ తుమ్ము లేకుంటె అది నాదని ఎవడన్న గుర్తుపడ్తడారా?"

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను సరే అన్నాను. నేను సరే అన్నానంటే లసుమయ్యకు అది చాలు. నాకు మాత్రం ఇంటికి వచ్చేదాకా ఓదెలు కూతురి పెళ్లే కళ్లలో ఆడింది.

ఆషాఢం, ఆదివారం

సందర్భం: ముసలివాళ్ల కూడలి. సాయంత్రం పాళి.
వేసిన కిట్: కుంచెలతో రాసిన స్నేర్ డ్రమ్ము, డోలక్, చిన్న తాళాలు.

ముసలివాళ్లకు కర్ర దెబ్బలు పడవు. కుంచెతో చర్మం మీద రాస్తే బియ్యం చెరిగినట్టు ఉంటుంది. దాని పైన డోలక్ మెల్లగా.

చాయ్ బాలమణి గ్లాసులు కడుగుతూ తల ఊపుతోంది. నా డోలక్‌కు తల ఊపితే ఆ ఊపు వేరు. ఆమె తల కోడి గింజలు ఏరినట్టు టకటకా పడుతోంది.

"బాలమణీ, దరువు మంచిగున్నదా?" అని అడిగాను. నేను అడగడమే వింత. ఆమె చేతిలో గ్లాసు జారింది.

"మంచిగున్నది కాకా. నీ దరువుకేంది! ఆ... ఆ డోలు మస్తుగున్నది."

ఈ రోజు డోలు లేదు.

ఇంకో సంగతి. పెద్ద సొరంగం ఊరి నుంచి వచ్చిన అమ్మాయి ఉంది, రిజ్వానా. బిళ్ళలు బాగుచేసే పని. మర్యాద గలది, కనబడితే సలాం చేస్తుంది. పక్క గదిలో ఉంటుంది. ఆమె వచ్చాక జనం ఒక్కొక్కరుగా ఆ గదిలోకి పోతున్నారు. తలుపు మూస్తున్నారు. బయటికి వచ్చేటప్పుడు నా కిటికీ వైపు చూడకుండా గోడ వారగా పోతున్నారు. ఓదెలు పోయాడు. బాలమణి పోయింది. తవ్వేవాళ్లు పోయారు. ఇందరి బిళ్ళలు ఒకేసారి చెడిపోతాయా?

ఆ పిల్ల నా దరువుల్లో వేలు పెడుతోంది. ఏం చేస్తోందో తెలియదు.

ఆషాఢం, గురువారం

సందర్భం: బోనాలు.
వేసిన కిట్: పంబ, జమిడిక, లసుమయ్య డప్పు. డప్పులో తుమ్ము కోసేశాను.

కావాలనే కోశాను. చెప్పకుండా కోశాను.

పంబతో ఎత్తుకున్నాను. జమిడిక తీగ సాగదీసినప్పుడు ఆడవాళ్ల ఒళ్లు జలదరించాలి. ఇంతకుముందు జలదరించేది. ఈసారి బోనాలు నెత్తిన పెట్టుకుని బియ్యం బస్తాలు మోసినట్టు నడిచారు. తర్వాత డప్పు. తుమ్ము వచ్చే చోటు దగ్గర పడింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఆ చోట దరువు ఉత్తగా పోయింది. తుమ్ము లేదు.

"చిరంజీవ" అన్నారు. అందరూ అన్నారు. సత్తెమ్మ ఈ రోజు రాలేదు, లసుమయ్య దగ్గర ఉంది. నేను కిటికీ దగ్గరికి రావడం చూసి ఓదెలు ముందుగా అన్నాడు, అందరూ అందుకున్నారు. ఓదెలు నా కిటికీ వైపు చూసి చెయ్యి ఎత్తి నవ్వాడు, బాగుంది కాకా అన్నట్టు.

నేను కూడా చెయ్యి ఎత్తాను.

ఊరంతా కలిసి నా దగ్గర నాటకం ఆడుతోంది.

శ్రావణం, సోమవారం

సందర్భం: కుమ్మరి రాజవ్వ అంతిమయాత్ర.
వేసిన కిట్: వీరణం, చేతి తాళం. నడక దరువు.

రాతిపేటలో పైకి పోయేది చచ్చిపోయినవాళ్లే. పై తలుపు దాకా వాలు దారి. నలుగురు మోస్తారు. నలుగురి కాలు ఒక్కటిగా పడాలి, లేకపోతే పాడె ఊగుతుంది. నా పని అంతా ఆ నాలుగు జతల కాళ్ల కోసమే. వీరణం లోపలి దెబ్బ ఎడమ కాలికి, అంచు దెబ్బ కుడి కాలికి. మధ్యలో జాగా ఎక్కువ ఇస్తాను, వాలు కదా.

ఈ రోజు నేను కాళ్లనే చూశాను. నలుగురివీ నాలుగు నడకలు. ఓదెలు పెద్ద పెద్ద అంగలు వేస్తున్నాడు. వెనకవాడు గునగునా నడుస్తున్నాడు. మలుపు దగ్గర పాడె ఒక పక్కకు ఒరిగింది. రాజవ్వ తల జారింది. ఆమె కూతురు కేక వేసింది. ఆ కేకకు పైనుంచి దుమ్ము రాలింది.

"కాలు జారింది," అన్నాడు ఓదెలు.

ఏ కాలూ జారలేదు. రేపు లసుమయ్యను కూడా ఇట్లాగే మోస్తారు.

రిజ్వానాను అడగాలి.

శ్రావణం, మంగళవారం

సందర్భం: ఏమీ లేదు.
వేసిన కిట్: ఏమీ వేయలేదు.

పొద్దున్నే పోయి రిజ్వానా గది ముందు నిలబడ్డాను. ఆమే బయటికి వచ్చింది.

"కాకా! లోపలికి రాండ్రి. కూసోండ్రి."

కూర్చోలేదు. "నా దరువుల ఏం కలుపుతున్నవమ్మా?" అన్నాను.

ఆమె ముఖం మారింది. "ఏం కలుపుతలేను కాకా. అల్లా మీద ఒట్టు."

"మరి వీళ్లకు ఏం వినబడుతున్నది?"

ఆమె ఒక బిళ్ళను వేళ్ల మధ్య తిప్పుతూ చెప్పింది. కొత్త బిళ్ళల్లో ఎవరికి కావలసిన కిట్ వాళ్లు పెట్టుకోవచ్చు. పెద్ద సొరంగంలో అందరూ అట్లాగే వింటారు. ఇక్కడ ఒకరు వచ్చి అడిగారు, ఇంకొకరు వచ్చి అడిగారు. ఓదెలుకు బ్యాండు మేళం కావాలి. బాలమణికి తీన్మార్ కావాలి, ఎప్పుడూ అదే, పడుకున్నప్పుడు కూడా. తవ్వేవాళ్లకు ఒక్కొక్కడికి ఒక్కొక్కటి.

"నీతోని చెప్తమంటె అందరూ ఒకటే మాట కాకా. మా కాక మనసు నొచ్చుకుంటడు, చెప్పకు అన్నరు. అందుకే చెప్పలె."

"నేనేసింది ఎంతమంది వింటున్నరు?"

ఆమె తల దించుకుంది.

"చెప్పమ్మా."

"ఇద్దరు."

"ఒకడిని నేను. ఇంకొకరు లసుమయ్యనేనా?"

"కాదు కాకా." చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. "నేను. అక్కడ మాకు ఇసొంటి డప్పు లేదు. మీ తుమ్ము కాడ నవ్వొస్తది నాకు. మొన్న బోనాలకు రాలేదు, మీకు పానం బాగలేదేమో అనుకున్న."

ఇన్ని రోజులూ ఎవరిని అనుమానించానో, నా దరువు వింటున్నది ఆ ఒక్కతే.

మరి లసుమయ్య?

శ్రావణం, అదే రోజు, సాయంత్రం పాళి

పోయాను. సత్తెమ్మ నీళ్లకు పోయింది. లసుమయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎడమ చేతి వేళ్లు మంచం పట్టె మీద కదులుతున్నాయి. డప్పు నడక కాదు అది. డుబ్, డుబ్, డుబ్, డుబ్. ఎక్కడా తేడా లేదు. గోడకు మేకు కొట్టినట్టు.

"ఏం వింటున్నవ్ బావా?"

కళ్లు తెరిచి నా ముఖం చూశాడు. దాచలేదు.

"తెలిసిందా?"

"తెలిసింది."

"పోరగాళ్ల బీట్ వింటున్న. మిషిన్ డ్రమ్ములు."

"థూ. దాంట్ల ఏమున్నది?"

"ఏం లేదు. అదే హాయి. దాంట్ల ఎవని చెయ్యి లేదురా." ఊపిరి కోసం ఆగాడు. "నా డప్పు వింటె ఈ చెయ్యి లేస్తలేదని యాదికొస్తది. అది నా చెయ్యేనా అనిపిస్తది. ఎన్నేండ్లు వినాలె? రిజ్వానా బిడ్డను బతిలాడి మార్పించుకున్న."

"మరి నీ సావుకు అదే వెయ్యమని నాతోని మాట ఎట్ల తీసుకున్నవ్?"

"అప్పుడు నాకు వినబడదు గదరా, ఎడ్డోడా!"

నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. నేను వీపు నిమిరాను. కోపం ఉంది, నిమిరాను.

"బక్కా. మాట మర్చిపోకు."

"మర్చిపోను."

ఊరివాళ్లు కూడా బిళ్ళలు మార్పించుకున్నారని, వాళ్లకు అది వినబడే దారి మూసుకుపోయిందని చెప్పలేదు.

శ్రావణం, శనివారం

సందర్భం: లసుమయ్య.
వేసిన కిట్: లేదు.

పొద్దుటి పాళిలో పోయాడు. సత్తెమ్మ ఏడవలేదు. "అన్నా, ఆయన దరువు చూసుకో," అన్నది. అంతే.

రిజ్వానా దగ్గరికి పోయాను. ఈసారి నిలబడలేదు, లోపలికి పోయి అడిగాను. "అందరి బిళ్ళల్ల ఒక్కటే పెట్టు. ఈ ఒక్క నడకకు."

"నాకు రాదు కాకా. ఎవరి బిళ్ళ మార్చాలన్న వాళ్లే వచ్చి వేలు పెట్టాలె. ఇంతమంది... పాడె లేపేలోపల కాదు." ఆమె కళ్లలో నీళ్లు. "మొత్తం ఆపుడు ఒక్కటే నా చేతుల ఉన్నది."

ఆలోచించాను. ఆపితే ఎవరికీ ఏమీ వినబడదు. ఆపకపోతే నలుగురు నాలుగు రకాలుగా నడుస్తారు. వాలు మీద లసుమయ్య ఒరుగుతాడు. నిజం చెప్పి అందరినీ నిలదీద్దామా అంటే అది నా నోటితో అయ్యే పని కాదు. ఆ పూట అది మర్యాద కూడా కాదు.

"ఆపు," అన్నాను.

పాడె లేపారు. ముందు ఓదెలు. బిళ్ళలు ఆగిపోయాయి. నేను గదిలో లేను, కిటికీ దగ్గర లేను. మొదటిసారి జనంలో ఉన్నాను, పాడె పక్కన. చెవులు తడుముకుంటున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఓదెలు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఏ అడుగు వేయాలో తెలియలేదు.

"కాకా, ఏం వినబడ్తలేదు," అన్నాడు. బండలో అది ఎంత పెద్దగా వినబడిందో.

అందరూ నన్ను చూస్తున్నారు. అట్లా అందరూ చూస్తే ఎటు పోవాలో తెలియని మనిషిని నేను.

డప్పు నేను ఎన్నడూ కొట్టలేదు. చెయ్యి తిరగలేదు. కానీ గడ్డి మంట పెట్టేటప్పుడు లసుమయ్య నోటితో దరువు చెప్పేవాడు, చర్మం ఎంత బిగిసిందో చూసుకుంటూ. అది నాకు నోటికి వచ్చు. ఎవరి ముందూ అనలేదు.

ఓదెలు చెవి దగ్గరికి పోయాను. మెల్లగా అన్నాను.

"జన్... జన్నక జన్... జన్... జన్నక జన్..."

ఓదెలు నన్ను చూశాడు. కాలు లేపాడు. జన్. వెనకవాడికి వినబడలేదు, పాడె కొంచెం ఊగింది. అప్పుడు సత్తెమ్మ అందుకుంది. పొయ్యి దగ్గర, మంచం దగ్గర ఆ ఇంట్లో బతుకంతా విన్న దరువు అది. తప్పు పోలేదు. ఆమె వెనక రిజ్వానా. తర్వాత బాలమణి, ముందు తీన్మార్ వేగం పట్టి, నాలుక కరుచుకుని, మళ్లీ సర్దుకుని. గట్టిగా అనడానికి లేదు కదా. అందరూ గుసగుసగానే అన్నారు. పెదవులతో, పళ్లతో. వాడకట్టు మొత్తం గుసగుసలాడింది. ఒక్కడి చెయ్యి ఇన్ని నోళ్లలో.

నలుగురి కాలు ఒక్కటిగా పడింది. మలుపు దగ్గర నేను పాడె మీద చెయ్యి వేశాను, అవసరం లేకపోయినా. ఒరగలేదు.

వాలు ఎక్కాం. పై తలుపు కనబడింది. అంతమంది ఊపిరికో, అడుగులకో, నెత్తి మీది బండ నుంచి సన్నటి దుమ్ము రాలింది. పాడె మీద, లసుమయ్య ముఖం మీద, నా మీద. ముక్కులోకి పోయింది. ఆపుకున్నాను. చావు దగ్గర, పైగా తలుపు ముందర. ముక్కు నలుపుకున్నాను. ఆగలేదు.

తుమ్మాను.

దరువు ఆగిపోయింది. ఓదెలు ఆగాడు. నలుగురూ ఆగారు. నా వల్ల వీడి దారిలో అపశకునమైందని నాకు చచ్చినంత పనైంది.

ఎవరు ముందు అన్నారో తెలియదు. ఈసారి ఒకరి నోరు ఒకరు చూసుకోలేదు. ఊరంతా ఒక్కసారే అన్నది.

"చిరంజీవ."

తలుపు తెరిచారు.